కుక్కకు నేర్పడం: జాతీ, ఒడ్డూ పొడుగూ

పెంపుడు కుక్కకు తప్పనిసరిగా రావలసిన విద్యలు నిజానికి కొన్నే. పిలిస్తే రావాలి. కూర్చోమంటే కూర్చోవాలి. గొలుసు లాగకుండా పక్కన నడవాలి. ఒంటికీ రెంటికీ ఇల్లు దాటి బయటికి పోవాలి. మనుషుల మీద పళ్లు వేయకూడదు. ఈ అయిదూ ఏ కుక్కకైనా ఒకటే, నేర్పే దారే వేరు. ముప్ఫై కిలోల లాబ్రడార్‌కు పనికొచ్చిన పద్ధతి మూడు కిలోల బొచ్చుకుక్కకు పనికిరాదు. గొర్రెల మందను కాసిన వంశంలో పుట్టిన కుక్కకూ, కుందేలు వెంట పరుగెత్తిన వంశంలో పుట్టిన కుక్కకూ ఒకే మాట ఒకేలా ఎక్కదు.

సూర్యాపేట జిల్లా హుజూర్‌నగర్ లాంటి ఊళ్లో కుక్కను తెచ్చుకునేది ఎక్కువగా కాపలాకే. రైసు మిల్లుకో, సాగర్ ఎడమ కాలువ కింద పొలం దగ్గరి మోటారుకో, కొత్తగా కట్టిన డాబాకో కాపలా కావాలి. అందుకే జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, రాట్‌వీలర్ పిల్లలంటే అంత మోజు. ఇంట్లో పిల్లలు పట్టుబడితే లాబ్రడార్ వస్తుంది, ఇల్లు చిన్నదైతే పగ్గో తెల్ల బొచ్చుకుక్కో వస్తుంది. పిల్ల ముద్దుగా ఉందా, ధర ఎంత, పెద్దయితే గట్టిగా మొరుగుతుందా అన్నంత వరకే విచారించి తెచ్చుకుంటారు. ఆ జాతిని మొదట ఏ పనికి పెంచారన్నది అడిగేవాళ్లు తక్కువ. నేర్పడం మొదలుపెట్టవలసింది ఆ ప్రశ్న నుంచే.

జర్మన్ షెపర్డ్ మందల కుక్క. మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ 1899లో జర్మనీలో ఈ జాతికి సంఘం పెట్టేనాటికి, గొర్రెలు పక్క చేలో పడకుండా మంద చుట్టూ తిరుగుతూ కాయడం దాని పని. మంద లేని ఇంట్లోనూ ఆ గుణం పోదు. వాకిట్లో ఆడుకునే పిల్లల చుట్టూ తిరుగుతుంది, మడమలు పట్టబోతుంది, సైకిళ్ల వెంట పడుతుంది. కొడితే ఆ క్షణానికి ఆగుతుంది గానీ పరుగు మీద యావ చావదు. బంతి విసిరి తెమ్మనడం, గోనెసంచి కింద దాచిన వస్తువును వాసన పట్టి వెతకమనడం లాంటి పని రోజూ కాసేపు పెడితే ఆ యావ అక్కడ తీరుతుంది.

డాబర్‌మన్ కథ వేరు. పంతొమ్మిదో శతాబ్దం చివర, జర్మనీలోని అపోల్డా ఊళ్లో పన్నులు వసూలు చేసే కార్ల్ ఫ్రెడ్రిక్ లూయిస్ డాబర్‌మన్ తన వెంట రక్షణగా ఉండే కుక్క కోసం ఈ జాతిని పెంచాడు. అది యజమానిని అంటిపెట్టుకుని తిరిగే కుక్క. దాన్ని గేటు పక్కన పొద్దస్తమానం గొలుసుతో కట్టేస్తే కాపలా రాదు, కనబడినవాడి మీదల్లా ఎగబడడం వస్తుంది. కాపలా కుక్కకు మొదటి పాఠం ఎవరిని రానివ్వాలో నేర్పడం. పాలు పోసేవాళ్లు, గ్యాస్ బండ తెచ్చేవాళ్లు, కరెంటు మీటరు చూసేవాళ్లు, నాట్లకు వచ్చే కూలీలు, పక్కింటి పిల్లలు పిల్లప్పుడే దానికి అలవాటు కావాలి. అందరూ తెలిసినప్పుడే తెలియనివాడెవడో దానికి తేలుతుంది.

లాబ్రడార్ న్యూఫౌండ్‌లాండ్ తీరంలో చేపలు పట్టేవాళ్ల వెంట తిరిగిన కుక్కల సంతానం. నీళ్లంటే ఇష్టం, నోటితో పట్టి తేవడం ఇష్టం, అన్నిటికన్నా తిండి ఇష్టం. ఆ ఆకలికి కారణం కొంత ఒంట్లోనే ఉంది. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు కుక్కలకు పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లోపించి ఉందనీ, అలాంటివి తిండి కోసం ఎక్కువగా వెంటపడతాయనీ కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో చూపారు. వికలాంగులకు సాయపడేందుకు తయారుచేసే లాబ్రడార్లలో వాళ్లు చూసినవాటిలో 76 శాతానికి ఆ లోపం ఉంది. తిండి ఆశ ఉన్న కుక్క తొందరగా నేర్చుకుంటుంది కాబట్టే అవి ఆ పనికి ఎంపికై ఉంటాయని వాళ్ల ఊహ. ఇంట్లో నేర్పేవాళ్లకు ఇది వరమే. అయితే పాఠంలో పెట్టిన ముక్కలన్నీ ఆ రోజు తిండిలోంచి తగ్గించాలి, లేకపోతే రెండేళ్లకే కుక్క బరువెక్కి కీళ్లు పట్టేస్తాయి.

చూపుతో వేటాడే జాతులు మరో తీరు. కర్ణాటకలోని ముధోల్ పేరు మీద ఉన్న ముధోల్ హౌండ్, తమిళనాడు చిప్పిపారై ఈ కోవలోవి. దూరాన ఏదైనా కదిలితే చాలు, వెనక నుంచి ఎవరు పిలుస్తున్నా వాటి చెవికెక్కదు. తల పొగరు అనుకుంటారు గానీ, మనిషి చెప్పేదాకా ఆగకుండా తానే వెంటాడి పట్టేందుకు తరతరాలుగా ఎంచి పెంచిన జంతువు అది. మేకలు, కోళ్లు తిరిగే వీధుల్లో వీటిని వదిలి నడిపించకూడదు. చుట్టూ గోడ ఉన్న జాగాలోనే విప్పాలి. వీటితో కుందేళ్ల వేటకు వెళ్లడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా.

తెలుగు నేలకు సొంతమైన జాతి జోనంగి. కొల్లేటి చుట్టుపక్కల బాతుల మందల వెంట తిరిగిన కుక్క. పొట్టి వెంట్రుకలు, నుదుట ముడతలు, నేలలో గుంత తవ్వుకుని పడుకునే అలవాటు దాని ఆనవాళ్లు. పెరట్లో తవ్విందని దాన్ని తిట్టడం అన్యాయం. ఒక మూల మెత్తటి మన్ను వదిలి, అక్కడ తవ్వినప్పుడల్లా మెచ్చుకుంటే మొక్కల పాదులు బతుకుతాయి. ఊరకుక్కకు ఈ పట్టింపులేవీ లేవు. గొల్లకుర్మల మందల వెంట తిరిగేదీ, వాకిట్లో పడుకునేదీ ఎక్కువగా అదే. ఈ ఎండకు తట్టుకుంటుంది, మనిషి ముఖం చూసి మనసు కనిపెడుతుంది. కొత్తవాళ్లను ఒక పట్టాన నమ్మదు కనక దాని దగ్గర ఓపిక కావాలి. కాపలాకు డబ్బు పోసి కుక్కను కొనబోయేవాళ్లు ముందుగా తమ వీధిలో పుట్టిన పిల్లను చూడడం మంచిది.

జాతి మీద ఇంత చెప్పినా, జాతే సర్వస్వం కాదు. 18 వేలకు పైగా కుక్కల ప్రవర్తనను సేకరించి, వాటిలో కొన్నిటి జన్యువులతో పోల్చిన అమెరికా పరిశోధన 2022లో వచ్చింది. కుక్కకూ కుక్కకూ మధ్య ప్రవర్తనలో కనబడే తేడాలో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని అందులో తేలింది. జాతి ఒక మొగ్గును చూపిస్తుంది. మిగిలింది ఆ కుక్కను రోజూ చూసి తెలుసుకోవలసిందే. తిండికి లొంగని లాబ్రడార్లూ ఉన్నాయి, ఒళ్లో పడుకునే రాట్‌వీలర్లూ ఉన్నాయి.

ఒడ్డూ పొడుగూ సంగతికి వస్తే, అన్యాయమయ్యేది చిన్న కుక్కకే. దానికి ఎవరూ ఏమీ నేర్పరు. ముప్ఫై కిలోల కుక్క చుట్టం మీదికి ఎగిరితే ఇల్లంతా కంగారుపడి ఆ వారమే పాఠాలు మొదలుపెడతారు. మూడు కిలోలది ఎగిరితే ముద్దుచేస్తారు. గుర్రుమంటే నవ్వుతారు, పళ్లు చూపిస్తే ఎత్తుకుంటారు. ఆస్ట్రియాలోని వియన్నాలో 1,276 మంది యజమానులను అడిగి 2010లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది కూడా ఇదే. చిన్న కుక్కలు మాట వినడం తక్కువ, ఉలికిపాటూ కోపమూ ఎక్కువ. వాటి యజమానులు ఒకరోజు ఒకలా మరోరోజు మరోలా ఉంటారు, వాటితో ఆడడమూ నేర్పడమూ తక్కువ. కుక్క చిన్నదైనంత మాత్రాన దాని కాటు చిన్నది కాదు. పాకే పసిబిడ్డ ముఖానికి అందే ఎత్తులో ఉండేది ఆ నోరే.

చిన్న కుక్కకు నేర్పాలంటే మనిషి నేల మీద కూర్చోవాలి. నిలబడి మీదికి వంగితే దానికి కనబడేది నెత్తి మీదికి దిగుతున్న పెద్ద నీడ. పెట్టే ముక్క పెసరగింజంత ఉండాలి, లేదంటే నాలుగుసార్లకే కడుపు నిండి పాఠం ముగుస్తుంది. మెడకు బెల్టు కట్టి గుంజితే పొమరేనియన్ లాంటి వాటి గొంతు గొట్టం దెబ్బతింటుంది. ఛాతీ చుట్టూ వేసే పట్టీ వాడాలి. మూత్రాశయం చిన్నది కాబట్టి నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆడి ఆపగానే బయటికి తీసుకెళ్లాలి. ఇంట్లో తప్పుచేసిందంటే చాలాసార్లు తలుపు ఆలస్యంగా తీశారనే అర్థం.

పెద్ద జాతికి తొందర ఎక్కువ. నాలుగు నెలల రాట్‌వీలర్‌ను ఒక చేత్తో ఆపవచ్చు, ఏడాది నిండాక ఇద్దరు పట్టుకున్నా ఆగదు. గొలుసు నడక అది తేలికగా ఉన్నప్పుడే రావాలి. అయితే ఒళ్లు పెరిగినంత వేగంగా ఎముకలు ముదరవు. చిన్న జాతులు ఏడాదికల్లా ఎదుగుతాయి, పెద్దవాటికి ఏడాదిన్నర, బాగా భారీవాటికి రెండేళ్లు పడుతుంది. అప్పటిదాకా గోడలు దూకించడం, మోటారు సైకిలు వెంట పరుగెత్తించడం తుంటి కీళ్లకు చేటు. జర్మన్ షెపర్డ్‌లో, లాబ్రడార్‌లో తుంటి జబ్బు వంశంలోనే ఉంటుంది కనక మరీ జాగ్రత్త పడాలి.

చిన్నదైనా పెద్దదైనా లేత వయసు ముఖ్యం. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అమెరికాలో అయిదు జాతుల పిల్లల మీద ఏళ్ల తరబడి పరిశీలన చేసి 1965లో పుస్తకం వేశారు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల మనుషులకూ లోకానికీ సులువుగా మచ్చికవుతుందని చూపారు. కళ్లు తెరిచిన కొన్నాళ్లకే తల్లి దగ్గర నుంచి లాక్కొచ్చిన పిల్ల, తోటి పిల్లలతో ఆడుతూ ఎంత గట్టిగా కొరకాలో నేర్చుకునే అవకాశం పోగొట్టుకుంటుంది. ఎనిమిది వారాలు నిండాకే తేవాలి. టీకాలు పూర్తికాకముందు వీధిలో దింపకుండా చంకనెత్తుకుని తిప్పవచ్చు: సంత, బస్టాండు, ట్రాక్టరు, వరికోత మిషను, బతుకమ్మ పాటలు, పెళ్లి బ్యాండు. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాలి.

కూర్చోబెట్టడం ఎలాగో చూస్తే మిగతావి తేలిక. ఉడికించిన కోడి ముక్కను వేళ్ల మధ్య పట్టుకుని ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టాలి. మెల్లగా నుదుటి మీదుగా వెనక్కి జరపాలి. ముక్క వెంట తల పైకి లేస్తుంది, తల లేస్తే వెనక భాగం దానంతటదే నేలకు ఆనుతుంది. ఆనిన ఆ క్షణంలోనే మెచ్చుకుని ముక్క ఇవ్వాలి. రెండు క్షణాలు ఆలస్యమైతే కుక్క లేచి ఉంటుంది, లేచినందుకే ఇచ్చారనుకుంటుంది. ముక్కను మరీ ఎత్తితే ఎగురుతుంది. చేయి సైగ కుదిరాకే మాట కలపాలి. ఆ మాట ఇంటిల్లిపాదికీ ఒకటే కావాలి. నానమ్మ ‘కూసో’ అని, మనవడు ‘సిట్’ అని, తండ్రి ‘ఏయ్, కింద’ అని అరిచే ఇంట్లో తప్పు కుక్కది కాదు. అయిదు నిమిషాల పాఠం రోజుకు మూడుసార్లు పెడితే చాలు, అది విసిగిపోకముందే ఆపాలి.

కర్ర ఎత్తితే కుక్క భయపడుతుంది, నేర్చుకోదు. దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది, అంటే హెచ్చరిక లేకుండా కరవడానికి సిద్ధమవుతుంది. ఎదుగుతున్న కుక్కకు కారం తినిపించి, చీకటి గదిలో కట్టేసి కసి పెంచాలన్న నమ్మకం ఇంకా వినబడుతూనే ఉంది. అది క్రూరత్వం. అలా తయారైన కుక్క ఆ ఇంటి పిల్లలకే ముప్పు.

ఇక్కడి ఎండ కూడా పాఠాల వేళను నిర్ణయిస్తుంది. కుక్కకు చెమట అరికాళ్లలో తప్ప ఒంటికి పట్టదు, రొప్పడమే దానికి చలువ. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందో దీపాలు పెట్టాకో తప్ప నడిపించకూడదు. నాపరాతి బండ మీద అరచేయి పెట్టి చూసి, ఆగలేకపోతే కుక్క పాదం కూడా ఆగలేదని గ్రహించాలి. చప్పిడి ముక్కు పగ్‌కు ఊపిరే కష్టం, దానికి పరుగులు వద్దు. మంచు దేశపు హస్కీని నల్లగొండ, సూర్యాపేట ఎండలోకి తేవడమే పొరపాటు, దానికి ఏ శిక్షణా మందు కాదు.

నెల రోజులు పట్నంలో వదిలేస్తే నేర్పి పంపుతామనే శిక్షకులు ఉన్నారు. కుక్క నేర్చుకునే వస్తుంది, కానీ ఆ శిక్షకుడి గొంతుకూ చేతికీ నేర్చుకుని వస్తుంది. మొయినాబాద్‌లోని ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీలో పోలీసు కుక్కలకు నేర్పేటప్పుడు కుక్కనూ దాన్ని నడిపే పోలీసునూ జతగా కూర్చోబెట్టి నెలల తరబడి నేర్పుతారు. ఇంటి కుక్కకూ అదే వర్తిస్తుంది. శిక్షకుణ్ణి పెట్టుకుంటే ఇంటికే పిలిపించుకోవాలి, పాఠం జరుగుతున్నంతసేపూ ఇంట్లోవాళ్లు పక్కనుండి గొలుసు తామే పట్టుకోవాలి. అతను వెళ్లిపోయాక మరుసటి పొద్దున అదే పాఠాన్ని తామే మళ్లీ చేయించాలి.