చెన్నపట్టణపు చలికాలము

చెన్నపట్టణమున చలికాలమా యని నవ్వెడివారు పెక్కురు కలరు. వారి నవ్వులో కొంత న్యాయము లేకపోలేదు. ఇచట జనవరి రాత్రులయందు వేడిమి 20 డిగ్రీలకు దిగినదో లేదో, ఇరుగుపొరుగువారు చెవులకు మఫ్లరులు చుట్టుకొందురు. ఉత్తరదేశము నుండి వచ్చిన బంధువులు పలుచని యంగీలతో తిరుగుచు వారిని పరిహసింతురు. కాని యేడాదిలో పది నెలలు ఉక్కతో వేగినవారికే యీ కొలది దినముల విలువ తెలియును. అక్టోబరు మొదలు కురియు నీశాన్యపు వానలు డిసెంబరు నడుమకు వెనుదీయును. ఫిబ్రవరి వెళ్లునప్పటికి మరల నెండ ముదురును. ఈ నడుమ దొరకినదే మాకు చలికాలము.

ఈ దినములలో నగరమంతయు పండుగ చేసికొనును. ఆ పండుగ చూడవచ్చిన చుట్టములందరు మన యిండ్లలో దిగుదురు. వారికి సంగీతము, సముద్రము, పట్టుచీరల దుకాణములు. మనకు కాఫీ గిన్నెలు, పరుపులు, రైళ్ల వేళలు. ముప్పది యేండ్లుగా నిచట కాపురము చేయుచు, డిసెంబరు కచేరీ యొక్కటియైనను వినని గృహిణులను మే మెరుగుదుము. మా యత్తగారు వారిలో నొకరు. గోదావరి తీరము నుండి కోడలిగా నీ యూరికి వచ్చినది మొదలు ఆమె చలికాలములన్నియు వంటయింటనే గడచినవి. మామగారు పోయిన పిమ్మట ఆమె మాటలాడుటయే తగ్గించిరి. ఎట్లయినను ఆమెను వాకిలి దాటింపవలెనని మేము తలచితిమి.

మొదట తెల్లవారుజామున మైలాపూరు తీసికొనిపోతిమి. ధనుర్మాసమున కపాలీశ్వరస్వామి యాలయము చుట్టునున్న మాడవీధులను చూడవలెనన్న సూర్యుడు పొడుచుటకు ముందే పోవలెను. పాపనాశం శివన్ (1890–1973) గారు పెక్కేండ్లు ఈ వీధులలో భజన నడిపిరి. ఆ వాడుక వారితో పోలేదు. ఇంటింటి ముంగిట బియ్యపుపిండి ముగ్గు, దాని నడుమ పేడముద్దపై గుమ్మడి పువ్వు. మన గొబ్బెమ్మకు చెల్లెలివలె నుండును. అంతస్తుల యిండ్లలో నుండువారు లిఫ్టు ముందరి గచ్చు మీదనే ముగ్గు పెట్టుచున్నారు. మా యత్తగా రొక వాకిట చాలసేపు నిలిచి, "ఇచ్చట మెలిక తప్పినది" అనిరి. ముగ్గు వేసిన యావిడ పిండి చిప్ప నామె చేతికిచ్చి, దిద్దుమని నవ్వినది. వారిరువురకు భాష కలియదు; చుక్కలు కలిసినవి.

ఇక సంగీతము. 1927 డిసెంబరులో కాంగ్రెసు మహాసభ యీ నగరమున కూడినప్పుడు దానికి తోడుగా సంగీత సభ యొకటి జరిగినది. దాని ఫలితముగా 1928లో మ్యూజిక్ అకాడమీ వెలసినది. నేడు చిన్నవి పెద్దవి యెన్నియో సభలు, నెల పొడుగున వందలకొలది కచేరీలు. 2017లో యునెస్కోవారు ఈ నగరమును సంగీత నగరములలో చేర్చిరి. పేరుపొందిన విద్వాంసుల సాయంకాలపు కచేరీలకు టిక్కెట్టు దొరకుట కష్టము. దొరకినను ఆ వేళ యిల్లు విడుచుట గృహిణికి మరియు కష్టము. సోదరీమణులారా, మాకు తెలిసిన రహస్యము చెప్పెదము: మధ్యాహ్నపు కచేరీలకు పోవుడు. పెక్కు సభలలో వానికి టిక్కెట్టు లేదు. పాడువారు పిన్నవయస్సువారు, పేరింకను రాలేదు గనుక ప్రాణము పెట్టి పాడుదురు. తెల్లవారగనే వంట ముగించి మూతలు పెట్టినచో పదకొండు గంటలకు బయలుదేరవచ్చును. "మాకు వడ్డించువారెవ్వరు?" అని మా యింట నొక ప్రశ్న పుట్టకపోలేదు. అన్నపు గిన్నె మూత తీయుటకు శాస్త్రాధ్యయన మక్కరలేదని యత్తగారే చెప్పిరి. ఆ ప్రశ్న మరల పుట్టలేదు.

ఈ సంగీతమునకు స్త్రీలు చేసిన సేవ తలచుకొనుచు వినినచో వినికిడికి రుచి హెచ్చును. జార్జి టవునులో తమ యింట శుక్రవారపు సాయంకాలములందు వీణ వినిపించిన ధనమ్మాళ్ (1867–1938) కుటుంబము మన క్షేత్రయ్య పదములకు పుట్టినిల్లువంటిది. ఆమె మనుమరాలే నాట్యమున వన్నెకెక్కిన బాలసరస్వతి. త్యాగరాజస్వామి సమాధికి తన సొమ్ముతో గుడి కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952). తిరువయ్యారు ఆరాధనలో స్త్రీలను పాడనీయని దినములలో ఆమె స్త్రీల చేతనే వేరుగా నారాధన జరిపించినది. అకాడమీవారి సంగీత కళానిధి బిరుదము స్త్రీకి మొదట లభించినది 1968లో, ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారికి. అప్పటికి అకాడమీ పుట్టి నలుబది యేండ్లు. ఆ లెక్క యెవరికి వారే చూచుకొందురు గాక.

ఒక మధ్యాహ్నము ఇరువది యేండ్లు నిండని గాయని యొకతె త్యాగరాజకృతి పాడెను. గొంతు తేనె. కాని చరణములో నొక మాటను నడుమ విరిచి పై మాటతో కలిపినందున, స్వామిని వేడుకొనుట కాస్త స్వామిని కసరుట యైనది. మా యత్తగారు కుర్చీలో కదలిరి. కచేరీ ముగిసిన పిదప మేము వలదనుచుండగనే వేదిక యొద్దకు పోయి, "అమ్మాయీ, చాల చక్కగా పాడితివి. ఆ మాట నచట విరువకూడదమ్మా" అనిరి. ఆ పిల్లకు తెలుగు రాదు. పదునాలుగేండ్ల మా యమ్మాయి నడుమ నిలిచి యరవమున చెప్పినది. ఆ పిల్ల కోపగింపక, పుస్తకము తెరచి యరవలిపిలో వ్రాసికొని, మరి రెండు కృతుల కర్థమడిగినది. అందరమును సభవారి కాంటీనులో కాఫీ ముందు పెట్టుకొని గంటసేపు కూర్చుంటిమి. ఆ యేడాదిలో మా యత్తగారు అన్ని మాటలాడుట మే మెరుగము.

ఇచట నొకటి చెప్పవలసి యున్నది. కచేరీలలో తెలుగు పాటలే మిక్కుటమని తమిళులు తమ భాషకు చోటు కోరిరి. 1943లో తమిళ ఇసై సంఘము స్థాపించిరి. ఆ కోరిక న్యాయమైనది. భాషపై నంతటి పట్టుదల గల వారి బిడ్డలే మన త్యాగరాజును తప్పక కంఠస్థము చేయుచున్నారు. ఈ నగరమున పుట్టిన మన బిడ్డలో, ఇంట తెలుగు మాటలాడుదురు గాని పెక్కుర కక్షరములు రావు. మా యమ్మాయి యా రాత్రి "వేడుకొనుటయో కసరుటయో నీకెట్లు తెలిసెను, నాయనమ్మా?" అని యడిగినది. అత్తగారు తమ పాత కీర్తనల పుస్తకమును పెట్టెనుండి తీసి యామె ముందుంచిరి. ఆమెకది చదువరాదు. మరునాటి నుండి గుణింతము మొదలైనది. వత్తు లిప్పటికిని తడబడును. ఆ గాయని మాత్రము క్రొత్తకృతి నేర్చినప్పుడెల్ల ఫోను చేయును; మా యత్తగారు పోపు వేయుచున్నను పొయ్యి యార్పి మాటలాడుదురు.

ఎగ్మూరునందలి మ్యూజియమును గూర్చి చెప్పక విడువరాదు. 1851లో స్థాపింపబడినది. అమరావతి స్తూపపు శిల్పములు పెక్కు సముద్రము దాటి లండనులోని బ్రిటిషు మ్యూజియము చేరినవి. ఇచట నిలిచినవియు ననేకములు. కృష్ణ యొడ్డున చెక్కిన రాతిని చూచుటకు మనము చెన్నపట్టణము రావలసివచ్చినది. వానిలో మదించిన నాలగిరి యను నేనుగును బుద్ధుడు శాంతింపజేయు ఘట్టమొక్కటి చాలును. ఏనుగు వీధిలో పడి మనుష్యులను చిమ్ముచున్నది. ఒక యువతి భయమున ప్రక్కనున్నవానిని కరచుకొన్నది. మేడలపై కిటికీలనుండి జనము తొంగిచూచుచున్నారు. ఆ కిటికీలలోని ముఖములనే మా యత్తగారు తదేకముగ చూచిరి. పుస్తక ప్రదర్శన ప్రియులకు 1977లో మొదలైన సంత జనవరిలో నున్నది. అందు తెలుగు పుస్తకములు స్వల్పము, నడక యధికము.

ఇక రాత్రి విషయము. జనవరి మొదలు ఆలివ్ రిడ్లీ యను సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు ఈ తీరమునకు వచ్చును. 1988 నుండి విద్యార్థులు కొందరు రాత్రులందు ఇసుక మీద నడచి, ఆ గ్రుడ్లను వెదకి, కుక్కల వాత పడకుండ వేరొక చోట భద్రపరచుచున్నారు. వారానికొకటి రెండు రాత్రులు ఇతరులను గూడ వెంట రానిత్తురు. నీలాంకరై నుండి బెసంట్ నగర్ దాక సుమారు 7 కిలోమీటర్ల నడక. మేమును మా యమ్మాయియు పోతిమి. మోకాళ్ల నొప్పిచే నత్తగా రింట నుండిరి. చెప్పులు చేతపట్టుకొని, దీపము లేక, అలల యంచున నర్ధరాత్రి నడచుట మాకదే మొదలు. నడివయస్సు స్త్రీ యొక్కతె యా వేళ నిర్భయముగ ఆకాశము చూచుచు నడువగలిగినచో, అది యే మ్యూజియముకన్న నరుదైన వస్తువు.

దారిలో మొదట కనబడినది చచ్చిన తాబేలు. పెద్ద వలలలో చిక్కి పైకి వచ్చి ఊపిరి తీయలేక చచ్చునట. 2025 జనవరిలో ఇట్టివి వందలకొలది ఈ తీరమున కొట్టుకొనివచ్చినవి. మా యమ్మాయి చాల దూరము మాటలాడలేదు. రెండు గంటలు దాటిన పిమ్మట, ముందు నడచువారు చేయెత్తి యందరిని కూర్చుండబెట్టిరి. బ్రతికిన తాబేలు. వెనుకకాళ్లతో కుండవంటి గుంట త్రవ్వి, నూటికి పైగా గ్రుడ్లు విడిచి, ఇసుక కప్పి, తన బరువుతో దానిని మొత్తి, మరల సముద్రమున కలిసినది. గంట పట్టియుండును. ఇసుక వేడి హెచ్చినచో నాడుపిల్లలు, తగ్గినచో మగపిల్లలు పుట్టునని విద్యార్థులు చెప్పిరి.

తెల్లవారుచుండగా నిల్లు చేరితిమి. అత్తగారు తలుపు తీసి, కథయంతయు విని, "పురిటికి వచ్చి గంటలో లేచిపోయినదా! పత్యము పెట్టువారు లేరు, పేరు పెట్టువారు లేరు" అని కొంతసేపు యోచించిరి. పిల్లలెప్పుడు వెలువడునని యడిగిరి. సుమారు నలుబదియైదు దినములు పట్టునని, సాయంకాలములందు వానిని బెసంట్ నగర్ తీరమున నీటిలోనికి విడుతురని, అచటికి ఆటోలో పోవచ్చునని చెప్పితిమి. ఆమె గోడకున్న పంచాంగము తీసి, వ్రేళ్లపై దినములు లెక్కించి, మార్చి పుటలో నొక చుక్క పెట్టిరి.