కుడుకలు, బెల్లం పెడితే సరిపోతుందా?

పిల్ల పెద్దమనిషయితే మన వికారాబాద్, తాండూరు వైపు హడావుడికేం తక్కువుండదు. చాప వేసి మూల కూర్చోబెడతాం. కుడుకలు, బెల్లం, నువ్వులుండలు తినిపిస్తాం. చుట్టాలొచ్చి బట్టలు పెట్టి, పాటలు పాడి పోతారు. అంతా బాగానే ఉంది గానీ, తన ఒంట్లో ఏం జరిగిందో ఆ పిల్లకి ఎవరైనా చెబుతారా? "దేవుడి దగ్గరికి పోకు, మగపిల్లలతో నవ్వకు" అనడం తప్ప!

మా అమ్మాయికి పదో ఏడు రాగానే నేను చెప్పేశాను. ఎప్పుడంటారా? కందిపప్పులో రాళ్లేరుతూ! మన తాండూరు కందిపప్పుకి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరం మురిసిపోయాం. నన్నడిగితే ఆ పప్పు చేసే మేలు ఇంకోటుంది. కళ్లు చేట మీదుంటాయి కాబట్టి తల్లీకూతుళ్లు మొహాలు చూసుకోనక్కర్లేదు. సగం సిగ్గు అక్కడే పోతుంది. గర్భసంచిలో ప్రతినెలా ఒక పొర తయారవుతుందనీ, గర్భం రానప్పుడు అదే ఊడి బయటికొస్తుందనీ, అది చెడురక్తం కాదనీ చెప్పాను. మొదటి రెండేళ్లు తేదీలు అటూ ఇటూ అయినా కంగారు లేదు. మూడునెలలు దాటినా రాకపోయినా, గంటగంటకీ ప్యాడ్ తడిసిపోతున్నా డాక్టరుకి చూపించాల్సిందే. బళ్లో వారానికొకటిచ్చే నీలంరంగు ఐరన్ మాత్ర పారేయకుండా, అన్నం తిన్నాక వేసుకోమన్నాను.

మరి మగపిల్లాడి సంగతో? ఇక్కడే చాలామంది తల్లులం నోరు మెదపం.

మా వాడు తొమ్మిదో తరగతిలో ఉండగా ఉన్నట్టుండి తిండి తగ్గించేశాడు. పొద్దున్నే లేచి తన దుప్పటి తనే ఉతుక్కునేవాడు. రైలు పట్టాల పక్క గోడల మీద "రహస్య వ్యాధులు, బలహీనత" అని పెద్దక్షరాలు కనిపిస్తాయి చూడండి, అలాంటి నెంబరొకటి వాడి నోటుబుక్కు వెనకాల కనిపించింది. పక్కనే దాచుకున్న నాలుగొందలు. గుండె గుభేలుమంది.

మావారితో అన్నాను. ఆయన నాపరాళ్ల పాలిషింగ్‌లో పని చేస్తారు. ఎంతటి రాయినైనా నున్నగా చేస్తారు గానీ, ఇలాంటి వాటికి నోరు పెగలదు. "నువ్వే చెప్పరాదు" అన్నారు. "నేను చెప్తే వాడు సిగ్గుతో చస్తడు, మీరే చెప్పుండ్రి" అన్నాను. రెండ్రోజులు తప్పించుకుని, మూడోరోజు వాణ్ని బండి మీద అనంతగిరి తీసుకెళ్లారు. బండి మీదా మొహాలు చూసుకోనక్కర్లేదు కదా! నిద్రలో అలా కావడం రోగం కాదు, ఆ వయసులో నాకూ అయ్యేది, దాంతో బలమేం పోదు అని చెప్పారట. అంతే. ఆ రాత్రి వాడు మూడు జొన్నరొట్టెలు తిన్నాడు.

"ఇవన్నీ చెప్తే పోరగాళ్లు చెడిపోరా?" అంది మా అత్తమ్మ. "మనం చెప్పకపోతే సెల్‌ఫోను చెప్తది అత్తమ్మా" అన్నాను. కాసేపు ఊరుకుని, "మాకెవరు చెప్పిండ్రు బిడ్డా, పదమూడేండ్లకే లగ్గం చేసిండ్రు" అంది. మళ్లీ అడ్డు చెప్పలేదు.

ఇంకొక్క మాట. ఎంత దగ్గరివాళ్లయినా సరే, ఇష్టం లేకుండా ముట్టుకుంటే ఇంట్లో చెప్పమని, తిట్టనని ఇద్దరికీ మాటిచ్చాను. 2012 నాటి పోక్సో చట్టం పద్ధెనిమిదేళ్లలోపు ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకీ రక్షణే. మాతో చెప్పలేకపోతే 1098కి ఫోన్ చేయమన్నాను. మా వాడు ఆ పాత నెంబరు కొట్టేసి, ఇది రాసుకున్నాడు.