బొమ్మల సాక్ష్యం

బొమ్మల సినిమా అంటే పిల్లల కాలక్షేపమే అనుకునేవాణ్ణి, లూకాస్ ష్రాంక్ 2015లో తీసిన 'నోవేర్ లైన్' చూసేదాకా.

పడవల్లో ఆశ్రయం కోరి వచ్చినవాళ్ళను ఆస్ట్రేలియా ప్రభుత్వం పాపువా న్యూగినీలోని మానస్ దీవికి పంపి నిర్బంధించింది. విలేకరుల కెమెరాలకు అక్కడ ప్రవేశం దుర్లభం. అందుకే ఇద్దరు నిర్బంధితులు ఫోనులో చెప్పిన మాటలకు బొమ్మలు గీశారు. 2014 ఫిబ్రవరిలో జరిగిన అల్లర్లు, అందులో ఒక తోటివాడి హత్య, అన్నీ వాళ్ళ గొంతుల్లోనే విన్నాను.

సైన్సు విద్యార్థిని కదా! "గీసిన బొమ్మ రుజువెలా అవుతుంది?" అని మిత్రులతో వాదించాను.

సెలవులకు ఊరెళ్ళి నాన్నకు ఈ సంగతి చెప్పాను. "బందెలదొడ్డిలో పడ్డ గొడ్డుకైనా జుల్మానా కడితే విడుదలుంటుంది కదరా! వీళ్ళకి ఎన్నాళ్ళు?" అన్నాడు. గడువంటూ లేదన్నాను. నాన్న మరి మాట్లాడలేదు.

ఆ నిర్బంధం చట్టవిరుద్ధమని 2016లో పాపువా న్యూగినీ సుప్రీంకోర్టు తేల్చింది. 2017లో శిబిరం మూశారు. పోయిన ఏళ్ళు మాత్రం తిరిగి రావు.

మిత్రులారా! కెమెరాను గేటు దగ్గరే ఆపేసిన చోట, లోపలున్నవాణ్ణి ఫొటో ఏదని అడగడం న్యాయం కాదు. నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం