నల్లకుంటలో కుంట ఎక్కడ?

నల్లకుంటలో ఇప్పుడు కుంట లేదు. పేరులో మాత్రమే మిగిలింది. మా ఇల్లు ఆ పేటలో ఒక పల్లపు సందులో ఉంది. మబ్బు పట్టిందంటే చాలు, నాన్నగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని నాలా వైపు చూస్తూ కూర్చుంటారు.

2000 ఆగస్టు 24న నగరంలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. హుస్సేన్‌సాగర్ నుండి మూసీకి పోయే నాలా పొంగి మా ఇంట్లో మోకాటి లోతు నీరు నిలిచింది. అప్పుడు నేను ఉస్మానియాలో భూగర్భశాస్త్రం చదువుతున్నాను. బురద ఎత్తిపోస్తూనే నాన్నగారికి పాఠం చెప్పాను: "1908లో మూసీ ఇంతకంటే ఘోరంగా పొంగలేదా? అప్పుడు ఇన్ని మోటారు బండ్లు ఎక్కడివి? ఇదంతా ప్రకృతి సహజమండీ." ఆయన నా మాట నమ్మారు. ఇల్లు మారే ఆలోచన మానుకుని గుమ్మాన్ని రెండు మెట్లు ఎత్తు చేయించారు.

ఆ పాఠంలో అబద్ధమేమీ లేదు. సాయంత్రాలు మేమిద్దరం విద్యానగర్, అడిక్‌మెట్ మీదుగా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి నడిచి, ఆర్ట్స్ కళాశాల దాటి తార్నాక దాకా వెళ్ళేవాళ్ళం. దారిలోని రాతిగుండ్లు సుమారు 250 కోట్ల ఏళ్ళనాటివి. వాటి మీద కూర్చుంటే మనిషి చేతలు ఎంత అల్పమనిపించేవో! భూకక్ష్య ఆకారమూ, అక్షపు వాలూ వేల ఏళ్ళ మీద మారుతూ హిమయుగాలను తెచ్చాయి, తీసుకుపోయాయి. 1991లో పినటుబో అగ్నిపర్వతం చిమ్మిన గంధకం భూమిని ఒకటి రెండేళ్ళపాటు సుమారు అర డిగ్రీ చల్లబరిచింది. ఇవన్నీ చెబుతుంటే నాన్నగారు మురిసిపోయేవారు.

2020 అక్టోబరు 13న మళ్ళీ వాన. ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. మా రెండు మెట్లూ మునిగాయి. అడుగు అరలోని నాన్నగారి డైరీలు ముద్దయిపోయాయి. ఏనాడు తొలకరి పడిందీ, ఏ వేసవి ఎంత మండిందీ నలభై ఏళ్ళుగా అందులో రాసుకున్నారు. తడిసిన కాగితాలు చేతిలో పట్టుకుని ఆయన ఒకటే అడిగారు: "ఇదీ సహజమేనా, నాయనా?"

అప్పుడు గాని సగం పాఠమే చెప్పానని నాకు తెలియలేదు. కక్ష్య మార్పులకు వేల ఏళ్ళు కావాలి. ఈ వేడి శతాబ్దంన్నరలో వచ్చింది. సూర్యుడే కారణమైతే పై వాతావరణం కూడా వేడెక్కాలి, స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏడాదికి వదిలే బొగ్గుపులుసు వాయువు మనం వదిలేదానిలో నూరోవంతు కూడా ఉండదు. యంత్రయుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళున్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. ఒక డిగ్రీ వేడెక్కిన గాలి సుమారు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు.

ఆ ఒక్క వాననూ పూర్తిగా మన ఖాతాలో రాయడం సబబు కాదు. బంగాళాఖాతంలో వాయుగుండాలు ఎప్పుడూ పుడుతూనే ఉన్నాయి. కాని ఇప్పుడవి మరింత నీటిని మోసుకురాగలవు. వచ్చిన నీరు తన పాత చోటును వెతుక్కుంటుంది. ఆ చోట మేమున్నాం. కుంటను పూడ్చింది ప్రకృతి కాదు; మా ఇంటి పునాది కూడా ఆ పూడికలో భాగమే.

1908 గురించి నేను మరచిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ వరద తర్వాత నిజాం ప్రభుత్వం "సహజమే" అని ఊరుకోలేదు. విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వెలిశాయి. ప్రకృతి చేసినదానికే పెద్దలు అంత పాటుపడితే, మనం చేసినదానికి ప్రకృతి పేరు చెప్పి చేతులు ముడుచుకోవడమా?

ఇదంతా నాన్నగారికి ఆలస్యంగానే చెప్పాను. నన్ను ఒక్క మాట అనలేదు. కొత్త డైరీ తెప్పించుకుని, ఆనాటి వాన సంగతి రాసి, పై అరలో పెట్టారు.

మీ ఊళ్ళో కూడా పేరుకే మిగిలిన కుంటలు, చెరువులు ఉండే ఉంటాయి. వాటి పేర్లు చెప్పండి. నాన్నగారికి చదివి వినిపిస్తాను.