లినక్సు మొరాయించిన వేళ

మన ఊళ్ళలో కంప్యూటరు జబ్బులన్నిటికీ ఒకటే మందు: ఫార్మాట్. తెర వెలగకపోయినా, వెలిగి నల్లబడినా, వైద్యుడు నాడి పట్టకుండానే చీటీ రాసేస్తాడు. దేశదేశాల సర్వర్లకు రాత్రింబవళ్ళు కాపలా కాసేవారు కాపురముండే మా రాయదుర్గంలో సైతం వీధి చివరి దుకాణంలో వినిపించే మాట అదే.

మా పైవాటాలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులున్నారు. గుంటక, మేడి, పలుపు వంటి తమ పల్నాటి ఊరి సేద్యపు మాటలను, ఒక్కొక్కదానికీ అర్థం, వాడుక రాస్తూ, ఆరేళ్ళుగా ఉబుంటులో టైపు చేసుకుంటున్నారు. ఒక సాయంత్రం తాజాకరణ ముగిసి యంత్రం తిరిగి మొదలవబోయి, నల్లని తెరపై "కెర్నల్ పానిక్" అన్న మాటలతో నిలిచిపోయింది. దుకాణంవారు యథావిధిగా మందు చెప్పారు. మనుమడు తీసిపెట్టిన నకలు రెండేళ్ళ నాటిది. మాస్టారు మెట్లు దిగివచ్చి, "అంతా పోయినట్టేనా నాయనా?" అని అడిగారు.

లినక్సు లేవడమంటే ఒకరి చేతినుండి మరొకరి చేతికి దివిటీ అందడం వంటిది. యంత్రంలోని ఫర్మ్‌వేరు గ్రబ్‌ను లేపుతుంది. గ్రబ్ కెర్నల్‌నూ, దానితోబాటు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న మూటనూ మెమరీలోకి తెస్తుంది. అసలు డిస్కును తెరిచే పనిముట్లు ఆ మూటలోనే ఉంటాయి. డిస్కు తెరుచుకున్నాక సిస్టమ్‌డీ తక్కిన సేవలను నడిపిస్తుంది. కనుక అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: దివిటీ ఎవరి చేతిలో ఆరింది?

తెరపైని చివరి వరుసలు చదివితే జవాబు దొరికింది. రూట్ ఫైల్ సిస్టమ్‌ను ఎక్కించుకోలేకపోతున్నానని కెర్నల్ మొరపెట్టుకుంటోంది. అంటే గ్రబ్ క్షేమం, కెర్నల్ వచ్చింది, మూట మాత్రం రాలేదు. మాస్టారి దస్త్రాల గడప దాకా ఇంకా ఎవరూ వెళ్ళనేలేదు. "తలుపు బిగుసుకుంది మాస్టారూ, ఇల్లు కాలిపోలేదు" అన్నాను. ఆయన అప్పటికి కుర్చీలో కూర్చున్నారు.

లినక్సుకు ఒక మర్యాద ఉంది. కొత్త కెర్నల్ రాగానే పాతదాన్ని గెంటివేయదు. గ్రబ్ పట్టికలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిచి పాత కెర్నల్‌ను ఎంచుకున్నాను. యంత్రం సంకేతపదం అడిగింది, లేచింది. ముందుగా మాటల మూటనంతా పెన్‌డ్రైవులోకి ఎక్కించి, ఆ తరువాతే చికిత్సకు దిగాను.

బూట్ విభాగం నూటికి నూరుపాళ్ళు నిండివుంది. డిస్కుకు ఎన్‌క్రిప్షన్ పెట్టినపుడు ఉబుంటు ఈ విభాగానికి వేరే చిన్న గది కట్టిస్తుంది. పాత కెర్నళ్ళు పేరుకుపోయి ఆ గదిలో కొత్త మూట కట్టేందుకు చోటు లేకపోయింది. నడుస్తున్న కెర్నల్‌ను ముట్టుకోకుండా, అక్కరలేని వాటిని ఆప్ట్ ఆటోరిమూవ్‌తో తొలగించి, సగంలో ఆగిన స్థాపనను పూర్తిచేయించి, మూటను మళ్ళీ కట్టించి, గ్రబ్ పట్టికను సరిచేయించాను. ఈసారి కొత్త కెర్నల్‌తోనే లేచింది.

ఇదంతా లినక్సు గొప్పలు చెప్పుకోవడానికి కాదు. 2020 జూలైలో గ్రబ్‌లో బయటపడిన "బూట్‌హోల్" లోపానికి రెడ్ హ్యాట్ ఇచ్చిన సవరణతో కొన్ని యంత్రాలు అసలు లేవలేదు. దివిటీ మొదటి చేతుల్లోనే ఆరింది గనుక అక్కడ పాత కెర్నల్ ఆదుకోలేదు. రెస్క్యూ డిస్కుతో లేచి, పాత గ్రబ్ ప్యాకేజీలను వెనక్కి తెచ్చుకోవలసి వచ్చింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ తాజాకరణతో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ యంత్రాలు కూలబడ్డాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అప్పుడు కూడా మందు ఫార్మాట్ కాదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి తప్పుడు దస్త్రం ఒక్కటి తీసివేయడమే. అయితే చాలాచోట్ల ఒక్కో యంత్రం ముందూ ఒక మనిషి కూర్చోవలసి వచ్చింది.

తాజాకరణను ఎక్కడో దూరాన ఉన్నవారు పంపుతారు. అది వికటించినపుడు మరమ్మతు మాత్రం యంత్రం ముందు కూర్చున్న మనిషి ఓపిక మీదే ఆధారపడుతుంది. కాబట్టి మిత్రులారా, ఎవరైనా ఫార్మాట్ అనగానే ఒక్క ప్రశ్న వేయండి: దివిటీ ఎక్కడ ఆరింది? ఆ సంగతి చెప్పలేని వైద్యుడి చేతికి ఆరేళ్ళ మాటలను అప్పగించకండి.