వరుస తెలిపెడు శాస్త్రము

మానవశాస్త్రమనగానే మనలో పెక్కుమందికి అడవులలో సంచరించు పండితుడును, తలలను కొలుచు పరికరములును స్ఫురించును. అట్టి కాలమొకటి నిజముగా ఉండెను. మదరాసు మ్యూజియమునకు అధికారిగా నుండిన థర్‌స్టన్ దక్షిణదేశపు జనుల ముక్కులను, తలలను కొలిచెను. 1909లో ఏడు సంపుటములుగా వెలువడిన అతని గ్రంథమున ఆ కొలతలును చేరినవి. కొలతలనుబట్టి మనుష్యుల హెచ్చుతగ్గులను నిర్ణయించు పద్ధతిని పిదప ఈ శాస్త్రమే త్రోసిపుచ్చినది. నేటి మానవశాస్త్రజ్ఞుని ముఖ్యసాధనము కొలబద్ద కాదు, ప్రశ్న. "మీరిట్లేల చేయుదురు?" అని అడిగి, తీర్పు చెప్పుటకు తొందరపడక వినుటయే అతని విద్య.

ఈ విద్యతో మనకేమి పని? పరభాషాప్రాంతమున తరతరములుగా కాపురముండువారికే దీనితో ఎక్కువ పని యని నా తలంపు. మాది హోసూరు ప్రాంతము. ఇంట తెలుగు, వీధిలో తమిళము, సంతలో కన్నడము. తండ్రి అన్నను పెదనాన్న యనియు, తల్లి చెల్లెలిని పిన్ని యనియు పిలుతుము. వారి బిడ్డలు మనకు తోబుట్టువులే. మేనత్త బిడ్డలును, మేనమామ బిడ్డలును అట్లు కారు; వారు బావలు, మరదండ్రు. తమిళుల ఇంటను, కన్నడిగుల ఇంటను మాటలు వేరైనను ఏర్పాటు ఇదియే. మన ప్రత్యేకతయని మనము భావించునది పొరుగింటను ఉన్నదని తెలియుట చిన్న లాభము కాదు.

అమెరికాలో న్యాయవాదియైన లూయీ హెన్రీ మోర్గన్ అచ్చటి ఆదివాసులగు సెనెకాల బంధుత్వపదములను సేకరించి, ఇతర దేశములకును ప్రశ్నావళులు పంపెను. 1871లో ప్రకటితమైన అతని గ్రంథపు పట్టికలలో తమిళ కన్నడములతోపాటు తెలుగు వరుసలును కలవు. పినతండ్రిని తండ్రిగను, పినతల్లిని తల్లిగను ఎంచు పద్ధతి సెనెకాలకును మనకును సమానమని అతడు కనుగొనెను. మన అవ్వలు అలవోకగా పలుకు మాటలలో ఇంతటి క్రమమున్నదని లోకమునకు తెలిసినది.

ఒడిశాలో స్థిరపడిన మనవారి మేనరికములు అచ్చటి పెక్కు కుటుంబములకు వింతగా తోచును. ఈ వింత క్రొత్తది కాదు. బౌధాయన ధర్మసూత్రము మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెండ్లాడుట దక్షిణదేశాచారమని పేర్కొని, ఔత్తరాహుల ఆచారములను కొన్నింటిని వేఱుగా చెప్పి, ఏ దేశమున ఆ దేశాచారమే ప్రమాణమను వాదమును చూపినది.

అర్థము చేసికొనుట వేఱు, సమర్థించుట వేఱు. మా యింటి సంగతి యొకటి చెప్పెదను. మా అక్కగారు తమ కుమారునకు మా అమ్మాయిని ఇమ్మని అడిగిరి. దగ్గరి రక్తసంబంధమున వివాహమైనచో బిడ్డలకు కొన్ని వంశపారంపర్య వ్యాధులు వచ్చు ప్రమాదము హెచ్చని తెలిసిన మా అమ్మాయి ఒల్లననెను. నేనును ఆమె పక్షముననే నిలిచితిని. అక్కగారు అలిగి రాకపోకలు మానిరి. ఆస్తికై పట్టుబట్టిరని బంధువులు చెవులు కొఱుకుకొనిరి. చదివిన గ్రంథముల ఫలమేమో, నాకు వేఱొక ప్రశ్న తోచినది. ఈ సంబంధము తప్పుటచే ఆమె నిజముగా పోగొట్టుకొన్నదేమి? కోడలు కాదు, పుట్టింటిపై తన హక్కు. మేనరికము ఆడపడుచును పుట్టింటికి మరల ముడివేయు త్రాడు. ఆ త్రాడు తెగినదని ఆమె బాధ.

సంబంధము కలుపలేము గాని హక్కు నిలుపవచ్చును. అమ్మాయికి వేఱొకచోట పెండ్లి కుదిరినప్పుడు తొలి పిలుపు అక్కగారికే అందించితిమి. పసుపు దంచుట మొదలు అప్పగింతల వఱకు ఆమెనే ముందు నిలిపితిమి. మొదట ముభావముగానే యున్నను, ఆ పండుగకే రాకపోకలు మరల సాగినవి. శాస్త్రము మేనరికమును పొగడలేదు, తెగడలేదు. అది మా యింట చేయుచుండిన పనిని చూపినది.

నేడు మన పిల్లలకు మేనత్తయు, పినతల్లియు, పొరుగింటామెయు ఒక్క ఆంటీయే. వరుస పోయిన, ఎవరికెవరు ఏమి బాకీయో ఆ లెక్కయు పోవును. కావున ఇంటనున్న వృద్ధులను అడుగుడు. ఎవరిని ఏ వరుసతో పిలుతురో, పెండ్లిలో ఏ పని ఎవరిదో, అది వారిదే ఏల యైనదో ఒక పుస్తకమున వ్రాసికొనుడు. ఏది నిలుపుకొనవలెనో, ఏది విడువవలెనో, తెలిసిన పిమ్మట పిల్లలే నిర్ణయింతురు.