గీత పడని నేల ఉంటుందా?



ఏ వస్తువు దేన్ని గీకగలదో చెప్పే మోస్ స్కేల్ అంటే మా ఆరో తరగతి పిల్లలకు భలే ఇష్టం. 1812లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ మోస్ తయారుచేసిన ఈ కొలతలో టాల్క్‌ది 1, వజ్రానిది 10. ఈ వేసవిలో అది మా ఇంటి అవసరానికీ పనికొచ్చింది.

నిజాంపేటలో అన్నయ్య కొన్న పాత ఫ్లాట్‌కి ఫ్లోరింగ్ మార్చాలి. వదినకు అద్దంలా మెరిసే టైల్ కావాలి. నాన్నకు తాండూరు బండ కావాలి. తుంటి ఆపరేషన్ అయిన నాయనమ్మ వాకర్‌తో నడుస్తుంది. మూడేళ్ల మేనల్లుడు బొమ్మ కారు వదలడు. డబ్బు అందరి జీతాల్లోంచి పోగేసింది కాబట్టి రెండోసారి మార్చే ఆలోచనే లేదు. "సైన్స్ టీచర్‌వి కదా, నువ్వే చెప్పు" అన్నారు.

నేల గీతలకు మనం ముందు పిల్లల బొమ్మల్నే తిడతాం. నిజానికి ప్లాస్టిక్ మెత్తన. అసలు దొంగ చెప్పులకంటి వచ్చే ఇసుక. అందులో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ గట్టిదనం 7. మార్బుల్, తాండూరు, కడప బండల్లో ఉండే కాల్సైట్‌ది 3 మాత్రమే. గ్రానైట్ 6, 7 మధ్య ఉంటుంది. వీధికో అపార్ట్‌మెంట్ లేస్తున్న మన ఏరియాలో ఇసుకకు కొదవేముంది!

అయితే నాన్న మాటలోనూ న్యాయముంది. రాతిబండ మీద గీత పడితే మళ్లీ పాలిష్ పట్టించుకోవచ్చు. టైల్ పైన గ్లేజ్ అరిగితే ఆ టైల్‌నే మార్చాలి. అంటే గీత తొందరగా పడకపోవడం ఒక గుణం, పడ్డ గీతను పోగొట్టగలగడం ఇంకో గుణం. ఏది కావాలో ముందే తేల్చుకోవాలి.

గ్లేజ్డ్ టైల్స్ కొనేటప్పుడు పి.ఇ.ఐ. రేటింగ్ అడగండి. 1 నుంచి 5 వరకు ఉంటుంది. నడక ఎక్కువుండే హాలుకు, వంటింటికి 4 మంచిది. డబుల్ చార్జ్ టైల్స్‌లో రంగు పొర మందంగా ఉంటుంది కాబట్టి అరుగుదల తొందరగా కనిపించదు. చెక్కలా కనిపించే లామినేట్‌కి ఏసీ రేటింగ్ ఉంటుంది. ఈ ఏసీ చల్లదనానిది కాదు, అరుగుదలది! ఇంటికి కనీసం ఏసీ 3 తీసుకోండి. కానీ మనలా బకెట్ నీళ్లతో తడిగుడ్డ పెట్టేవాళ్లకు లామినేట్ ఉబ్బే ప్రమాదముంది.

మా ఇంట్లో తీర్పు నాయనమ్మ వల్ల తేలింది. షాపులో సాంపిల్ ముక్కల మీద నీళ్లు చల్లి, వట్టి కాలితో తొక్కి చూశాం. మెరిసేది జారింది. మ్యాట్ ఫినిష్ పట్టు ఇచ్చింది, పైగా దాని మీద సన్నగీతలు అంతగా కనిపించవు. గదులన్నిటికీ అదే వేశాం. బాల్కనీకి నాన్న తాండూరు బండ వచ్చింది.

ఇక రోజువారీ జాగ్రత్తలు. గుమ్మం బయట ఒకటి, లోపల ఒకటి డోర్‌మ్యాట్ వేయండి. తడిగుడ్డ పెట్టేముందు తప్పక ఊడవండి; గుడ్డ కింద ఇసుక ఉంటే అది గరుకు కాగితమే. కుర్చీ కాళ్లకు ఫెల్ట్ ప్యాడ్లు అంటించి, ఇసుక పట్టినవి మార్చేయండి. వర్క్ ఫ్రమ్ హోమ్ కుర్చీ చక్రాల కింద మ్యాట్ పరవండి. మంచం ఈడ్చకుండా ఎత్తి జరపండి. టైల్స్ మీద ఇనుప కాళ్లు వదిలిన బూడిదరంగు చారలు చాలాసార్లు గీతలు కావు, లోహపు మరకలే. ముందు తుడిచి చూడండి.

బోరు నీళ్ల తెల్లమరకలకు మాత్రం యాసిడ్ వాడకండి. అది మార్బుల్‌నీ, తాండూరునీ, టైల్స్ మధ్య సిమెంటునీ తినేస్తుంది. బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు క్లోరిన్ వస్తుంది. పాకే పిల్లలున్న ఇంట్లో ఆ సీసానే ఉండకూడదు. తక్కువ ఘాటు సబ్బునీళ్లతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెడితే మరక కట్టదు.

ఈ ఆదివారం డోర్‌మ్యాట్ దులిపే పని మీ పిల్లలకు ఇవ్వండి. రాలిన దాన్ని తెల్లకాగితం మీద పోసి, భూతద్దంతో చూడమనండి. మెరిసే రేణువులు ఎన్ని కనిపించాయో సోమవారం క్లాసులో అడుగుతాను.